ఆవిడ ఆపిన ఆట

మూడేళ్ల క్రితం, మార్చి పన్నెండో తేదీ పొద్దున, ఉడికించిన గుడ్డు తింటూ సర్వేయరు గారి భార్య వీడియో గేమ్‌ను పాజ్‌లో పెట్టింది. "ఎవరూ ముట్టుకోకండి, వచ్చి ఆడతా" అని చెప్పి ఆస్పత్రికి వెళ్లింది. మళ్లీ రాలేదు.

ఆట ఇంకా పాజ్‌లోనే ఉంది. తెరమీద నలభై ఎనిమిది వేల మూడువందల యాభై పాయింట్లు, మూలన నాలుగు ప్రాణాల్లో మిగిలిన ఒకే ఒక్కటి, బటన్ మీద పచ్చసొన మరక. రిటైరైన సర్వేయరు గారు ఆ పెట్టెను ఇంతవరకూ ఆర్పలేదు. కరెంటు పోతే ఆదుకోవడానికి బ్యాటరీ పెట్టించారు. ఆ బ్యాటరీ ముసలిదైంది. ఈ పూట కొత్తది బిగించాలి.

"సేవ్ చేసుకోవడం కూడా చేతకాని ఆట ఏం ఆట మావయ్యా?" అన్నాడు పైవాటాలో ఉండే అల్లుడు. కొత్త గేములు తయారుచేయడం అతని ఉద్యోగం. "మా గేములో చెట్టుకున్న ఆకులన్నీ విడివిడిగా ఊగుతాయి."

"ఊగుతాయి బాబూ. మీది మొదలయ్యేలోపు మీ అత్తయ్య ఈ ఆటలో దొంగని రెండుసార్లు పట్టుకునేది."

ఎలక్ట్రీషియన్ వచ్చి పాత బ్యాటరీ ఊడదీశాడు. "మెయిన్ ఆపాలి సార్."

"తల తీసినా వీల్లేదు! లోపల మా ఆవిడది నడుస్తోంది. మూడేళ్లుగా ఆపలేదు," అని సర్వేయరు గారు హాల్లోకి వెళ్లి తెర ముందు కూర్చున్నారు.

ఎలక్ట్రీషియన్ కళ్లు చెమర్చాయి. మంచంపట్టిన ఇల్లాలు, ఊపిరి మెషిన్ అతని మనసులో వాటంతటవే అమరిపోయాయి. భక్తిగా చెప్పులు విడవబోయి, కరెంటు సంగతి గుర్తొచ్చి మళ్లీ తొడుక్కుని, వరండాలో మెయిన్ బోర్డు దగ్గర స్టూలెక్కాడు.

అంతలో పక్కింటి టీచరమ్మ నిచ్చెన అడగడానికి వచ్చింది.

"మెల్లగా అమ్మా! అమ్మగారు మెషిన్ మీదున్నారు."

"ఏ అమ్మగారు? ఆవిడ పోయి మూడేళ్లయింది కదయ్యా!"

సరిగ్గా అప్పుడే లోపల్నుంచి సర్వేయరు గారి గొంతు లాలనగా వినబడింది. "కాస్త ఓపిక పట్టవే. నిన్ను పోనిస్తానా?"

ఎలక్ట్రీషియన్ కెవ్వుమన్నాడు. స్టూలు ఒరిగింది. పడుతూ పడుతూ చేతికందినదాన్ని పట్టుకున్నాడు. అది మెయిన్ స్విచ్చి.

ఇల్లంతా చప్పబడింది, హాల్లో తెర నల్లబడింది. టీచరమ్మ నిచ్చెన ఊసే మరిచి వెళ్లిపోయింది. ఎలక్ట్రీషియన్ దణ్ణం మీద దణ్ణం పెట్టాడు. సర్వేయరు గారు తన గదిలోకి వెళ్లి గడియ పెట్టుకున్నారు. కూతురు భోజనానికి పిలిచినా బయటికి రాలేదు.

పొద్దుపోయాక మంచినీళ్లకోసం బయటికొచ్చారు. హాల్లో తెర వెలుగుతోంది. అదే ఆట, అవే పాయింట్లు, పాజ్.

"కరెంటు రాగానే దానంతటదే వచ్చింది నాన్నా," అంది కూతురు, గోడకేసి చూస్తూ.

అల్లుడు సోఫాలో కూలబడి, వాచిన బొటనవేలికి మంచుముక్క అద్దుకుంటున్నాడు. "ఏమైనా పాతవాటి గట్టితనమే వేరు మావయ్యా," అన్నాడు నీరసంగా. ఆ వేలికి ఎండిన పచ్చసొన పొడి అంటి ఉంది.

సర్వేయరు గారు తెర మూలకి చూశారు. నాలుగు ప్రాణాలూ నిక్షేపంగా ఉన్నాయి.

"అవును బాబూ," అన్నారు. "ఇక పడుకోండి." వాళ్లు మేడెక్కాక దీపం ఆర్పి, చప్పుడు కాకుండా హాలు తలుపు దగ్గరికి వేశారు.

బతికుండగా ఆవిడ ఎన్నడూ అంత బాగా ఆడలేదు.