తోకలు తగిలించిన మాటలు

ఒక పెద్ద అడవిలో పనులన్నీ ఆగిపోయాయి. ఎండల వల్ల కాదు, ఇంగ్లీషు వల్ల.

ఆ అడవికి నక్క సెక్రటరీ. పట్నంలో ఒక బడి గోడ వెనకాల కొన్నాళ్లు పడుకుని వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ సభలో అదే పాఠం.

"తవ్వు, కాపాడు, బాగుచెయ్యి... ఇవన్నీ పనిమాటలు రాజుగారూ. కూలివాళ్లవి. ఇంగ్లీషులో అలాంటి మాటకి వెనకాల తోక తగిలిస్తారు. ఇంప్రూవ్‌కి మెంట్ తగిలిస్తే ఇంప్రూవ్‌మెంట్. ప్రొటెక్ట్‌కి షన్ తగిలిస్తే ప్రొటెక్షన్. తోక రాగానే అది పేరైపోతుంది. ఇక చెమట పట్టదు, దర్జాగా కూర్చుంటుంది."

సింహం తన తోక చూసుకుని మురిసిపోయింది. "నిజమే. తోక లేకపోతే మర్యాదేముంది!"

అప్పట్నుంచి ఏ పనికైనా ముందు ఇంగ్లీషులో పేరు పెట్టాలి. దాన్ని బెరడు మీద రాసి చెట్టుకి కట్టాలి. ప్రతి పేరుకీ ఒక అధ్యక్షుడు. ఆయన ఊ అనేదాకా ఆ పని ఎవరూ ముట్టుకోకూడదు. అన్నిటికీ నక్కే అధ్యక్షుడు. దానికి మంచి నీడ, పూటపూటా తేనె.

ఈలోగా మడుగు పూడిపోయింది. అడుగున నీళ్లున్నాయి గానీ పైనంతా బురద. అడవిపంది పిల్లలు నాలుకలు బయటపెట్టి పడున్నాయి. పంది సభకొచ్చింది.

"రాజుగారూ, మూతితో నేనే తవ్వుకుంటాను. ఎవరి సాయమూ వద్దు."

నక్క చెవులు మూసుకుంది. "తవ్వడమా! ఎంత మోటుగా మాట్లాడతావమ్మా! అక్కడ ఇంప్రూవ్‌మెంట్ జరుగుతోంది. బోర్డు కనపడలా?"

"బోర్డు కనపడింది బాబూ. నీళ్లే కనపడలా."

ఏనుగు నవ్వబోయి తొండం నోట్లో పెట్టుకుంది. దానికీ నీడలో చోటు ఇస్తామన్నారు మరి.

మర్నాటికి కడగొట్టు పిల్ల లేచి నిలబడలేకపోయింది. అదే రోజు సింహం మడుగు చూడ్డానికి బయల్దేరింది. నక్కకి కంగారు పుట్టింది. కంప్లీషన్ అని ఒక బోర్డు రాసి, బాగా కనపడాలని మడుగు మధ్యలో పాతబోయింది. నడుందాకా దిగబడిపోయింది.

"లాగండర్రా! లాగండి!"

అప్పటికే సింహం, వెనకాలే సభంతా ఒడ్డుకి చేరుకున్నారు.

"అయ్యో, అలా మోటుగా అరుస్తారేంటి సెక్రటరీగారూ?" అంది ఏనుగు. "పేరు పెట్టొద్దూ?"

"ఎక్స్‌ట్రాక్షన్ అని పెట్టండి! త్వరగా!"

కోతి బెరడు మీద గీకి తెచ్చింది. చెట్టుకి కట్టారు. చప్పట్లు కొట్టారు. నక్క ఛాతీదాకా దిగింది.

"దీనికి అధ్యక్షుడెవరు?" అంది సింహం.

"నక్కగారే ప్రభూ."

"అయితే వారు రాగానే మొదలుపెడదాం."

పంది ఇదంతా వినలేదు. చతికిలబడ్డ పిల్లని ఒడ్డున పెట్టి బురదలోకి దూకింది. మూతితో కుళ్లగించుకుంటూ పోయింది.

"అమ్మా! నాకోసం వచ్చావా తల్లీ!" నక్క ఏడ్చింది.

"నీకోసమా? పక్కకి జరుగు, అడ్డంగా ఉన్నావు!" అని ఒక్క పోటు పొడిచింది. నక్క ఎగిరి ఒడ్డున పడింది. అది దిగబడ్డ గోతిలోంచి నీళ్లు బుడబుడమని ఊరాయి. కడగొట్టు పిల్ల పాక్కుంటూ వచ్చి మూతి పెట్టింది.

సాయంత్రం సభ పెట్టారు. నీళ్లొచ్చాయి కాబట్టి ఇంప్రూవ్‌మెంట్‌కి నక్క మెడలో దండ వేశారు. అనుమతి లేకుండా తవ్వినందుకు పంది మీద ఇన్వెస్టిగేషన్ వేశారు. చక్కగా బోర్డు కూడా కట్టారు.

ఆ బోర్డు చూశాక పందికి దిగులు పోయింది. పిల్లల్ని తీసుకుని నీళ్లలో పొర్లుతోంది.

నీతి: మీకు కావలసిన పనికి పేరు పెట్టనివ్వకండి, వద్దనుకున్నదానికి మాత్రం దగ్గరుండి పెట్టించండి.