అల్లుడికి ఆటబొమ్మ

ఎర్రప్పకు కూతుళ్ళు లేరు. అందుకని కుక్కకు అల్లుడు అని పేరు పెట్టుకున్నాడు. పని చెయ్యదు. పెట్టింది తింటుంది, తిన్నాక ఇంకేముందని చూస్తుంది, కసిరితే గుర్రుమంటుంది. పేరు బాగా కుదిరిందని ఇండూరులో అందరూ ఒప్పుకున్నారు. కూతుళ్ళున్నవాళ్ళు ముందుగా ఒప్పుకున్నారు.

ఆ ఇంట్లో ఎర్రప్ప పిలిస్తే వచ్చే ప్రాణి అదొక్కటే. పెళ్ళాం పాపక్క రాదు. ఆవు కూడా పాపక్క పిలిస్తేనే వస్తుంది.

ఆ వారం అల్లుడు ఎర్రప్ప చెప్పులు నమిలింది. దానికి పాపక్క ఏమీ అనలేదు. తర్వాత చీపురు నమిలింది. ఆ తర్వాత పాల క్యాను మూతకుండే రబ్బరు నమిలింది. అప్పుడు కూడా పాపక్క అరవలేదు. ఆమె అరవకపోతేనే ఎర్రప్పకు భయం.

"ఇంగొక్క వస్తువు నమిలిందంటే పెన్నాగరం బస్సెక్కిస్తా. మా అన్నకు గొర్రెల కాడ కుక్క కావల్లంట" అంది.

ఆ అన్న సొంత పిల్లలకే కొలిచి గంజి పోసే మనిషి. ఎర్రప్ప కుక్కను దగ్గరికి లాక్కున్నాడు. "దానికి పండ్లు దురద మే. ఆడుకునేదానికి ఏదన్నా ఇస్తే వస్తువుల జోలికి రాదు" అన్నాడు.

"నువ్వూ ఒకటి తెచ్చుకో. నా జోలికి రాకుండా ఉంటావు."

మర్నాడు ఎర్రప్ప పశువుల ఆసుపత్రికి పోయి కాంపౌండర్ మాధవన్‌ను సలహా అడిగాడు. మాధవన్ నాలుగు సంగతులు చెప్పాడు. నోట్లో మొత్తం పట్టేంత చిన్న వస్తువైతే గొంతుకు అడ్డం పడుతుంది. గోరు దిగనంత గట్టిదైతే పన్ను విరుగుతుంది. పోగులు ఊడేదైతే పేగులకు చుట్టుకుంటుంది. అన్నిటికన్నా చెడ్డవి బొమ్మలకు కుట్టిన కళ్ళు. పీకి మింగిందంటే కడుపు కోసి తీయాలి.

ఈ నాలుగూ ఎర్రప్ప ఆ పూట అన్నం తింటూ పాపక్కకు రెండుసార్లు అప్పజెప్పాడు. ఆమె తల ఎత్తకుండా తినింది.

ఏ వస్తువైనా కుక్కకు ఇచ్చేముందు తన మీదే పరీక్ష చేసి చూడాలని ఎర్రప్ప నిర్ణయించుకున్నాడు. మంచి మనసు. పక్కన బుర్ర కూడా ఉండి ఉంటే బాగుండేది.

మొదట రబ్బరు బంతి నోట్లో పెట్టుకున్నాడు. పట్టింది. బయటికి మాత్రం రాలేదు. పాపక్క వీపు మీద రెండు గుద్దులు గుద్దింది. మొదటి గుద్దుకే బంతి ఊడిపడింది. రెండోది ఎందుకని అడిగితే, ఎత్తిన చెయ్యి ఊరికే దించేదెట్లా అంది.

తర్వాత ఎద్దుకొమ్ము ముక్క కొరికాడు. ముందు పన్ను రాలింది. కొమ్ము పనికిరాదని తేలింది. కొబ్బరితాడు నమిలాడు. సాయంత్రం దాకా పోగులు ఉమ్ముతూనే ఉన్నాడు.

చివరికి ధర్మపురి పోయి రబ్బరు ఎముక తెచ్చాడు. చిన్నది కాదు, గట్టిది కాదు, పోగుల్లేవు, కళ్ళు లేవు. నొక్కితే కీచుమంటుంది. అల్లుడు ఆ కీచు ఒక్కసారి విని మంచం కిందికి దూరింది. మళ్ళీ ఒక పూట దాకా రాలేదు. కొట్టంలో ఆవు మాత్రం చెవులు నిక్కించి, దూడ కోసం అరిచింది.

దాని దూడ నెల కింద చచ్చిపోయింది. తోలుకు ఉప్పు పట్టించి, గడ్డి కూరి, దూడలా కుట్టి ముందర నిలబెడితే ఆవు దాన్ని నాకుతూ పొదుగులోకి పాలు చేపేది. ఆ గడ్డిదూడకు కళ్ళు కావాలని పాపక్క, ఎర్రప్ప పెళ్ళిళ్ళకు వేసుకునే తెల్లచొక్కా పైగుండీలు రెండూ కోసి కుట్టింది. ఇప్పుడు దూడకు వాసన పోయింది. ఆవు తంతోంది. పాల సొసైటీకి సగం క్యానే పోతోంది.

"దానికి వెచ్చగుండేది, ఊపిరి తీసుకునేది కావల్ల" అంది పాపక్క, మొగుడి వైపు చూసి. ఎర్రప్ప కుక్క వైపు చూశాడు.

రెండు రోజుల తర్వాత, తెల్లవారుతుండగా ఎర్రప్ప కొట్టంలోకి పోయాడు. నేలంతా గడ్డి. మధ్యలో అల్లుడు, దాని తల కింద దూడతోలు. దూడకు కళ్ళున్న చోట రెండు చిల్లులు.

గుండీలు మింగేసింది.

బయట పాలచెంబు చప్పుడైంది. ఎర్రప్పకు పెన్నాగరం బస్సు కళ్ళముందు ఆగింది. కుక్కను వెనక దారిన తోసి, గడ్డిని గాటి కిందికి తన్ని, తోలు నెత్తిన కప్పుకుని, ఆవు ముందర నాలుగు కాళ్ళ మీద నిలబడ్డాడు.

పాపక్క వచ్చింది. దూడను చూసింది. దూడకు పంచె ఉంది. పొదుగు కడిగి పాలు పిండటానికి కూర్చుంది.

ఆవు వాసన చూసింది. తర్వాత నాకింది. ఆవు నాలుక గరుకు ఉప్పుకాగితం. మెడ నుంచి చెవి దాకా ఒకసారి, చెవి నుంచి మెడ దాకా ఒకసారి. ఎర్రప్ప పళ్ళు బిగించాడు, ఉన్నవాటిని. చెంబులో పాలు జోరుమన్నాయి. ఆపుకోలేక దగ్గాడు.

"దూడకు దగ్గు పట్టింది. మంచులో కట్టేసినాము, పాపం" అని పాపక్క ఆవుతో చెప్పింది.

ఆ పూట క్యాను నిండింది.

ఆ రోజంతా ఎర్రప్ప చేతిలో పుల్ల పట్టుకుని కుక్క వెంట తిరిగాడు. అది ఎక్కడ కూర్చుంటే తానూ అక్కడ కూర్చుని, పుల్లతో కెలికి చూశాడు. ఏం వెతుకుతున్నావని అడిగినవాళ్ళకు ఉంగరం పోయిందన్నాడు. ఎర్రప్పకు ఉంగరం ఉన్న సంగతి ఊళ్ళో ఎవరూ ఎరగరు.

పొద్దు వాలినా గుండీలు రాలేదు. ఎర్రప్ప ఇంటికి వచ్చి పాపక్క ముందు గొంతుక్కూర్చున్నాడు.

"గడ్డిదూడను అల్లుడు చించేసింది మే. గుండీలు మింగింది. కడుపు కోయల్లేమో. బతికినాక నీ ఇష్టం, పెన్నాగరానికే పంపు. ముందు బతకనీ."

పాపక్క చెరుగుతున్న చేట కింద పెట్టింది. "ఆసుపత్రికి పోయేటప్పుడు మంచి చొక్కా వేసుకో" అంది.

ఎర్రప్ప మేకుకున్న తెల్లచొక్కా తీసి వేసుకున్నాడు. కింది నుంచి గుండీలు పెట్టుకుంటూ పైకి వచ్చాడు. మెడ దగ్గరికి వచ్చాక వేళ్ళు ఆగిపోయాయి. పైగుండీలు రెండూ ఉన్నాయి. దారం కొత్తది.

గడప దగ్గర అల్లుడు గడ్డిదూడ కాలు ఒకటి ముందు పెట్టుకుని హాయిగా నములుతోంది.

"నువ్వే ఇచ్చినావా?"

"కండ్లు ఊడేది కుక్కకియ్యగూడదని రెండుసార్లు చెప్పినావు కదా. పీకినాకనే ఇచ్చినా."

"తోలు కింద నేను దూర్తానని నీకెట్లా తెలుసు?"

"ఈ ఇంట్లో ఇంగెవురు దూర్తారయ్యా?"

ఎర్రప్ప చొక్కా విప్పి మేకుకు తగిలించాడు. కుక్క ఉంటుందా పోతుందా అని అడిగాడు. దూడ ఉన్నన్ని దినాలు ఉంటుందని పాపక్క చెప్పింది. తర్వాత మంచం కింద చెయ్యి పెట్టి రబ్బరు ఎముక తీసి అతని చేతిలో పెట్టింది.

"అప్పుడప్పుడు నొక్కు. దగ్గే దూడంటే ఆవుకు అనుమానమొస్తుంది. రేపు గడ్డం కూడా గీసుకో, దాని నాలిక గీసుకుంటాంది."

మర్నాడు తెల్లవారుతుండగా కొట్టంలో రబ్బరు ఎముక కీచుమంది. అల్లుడు మంచం కిందికి దూరింది. ఆవు పాలు చేపింది.