వచ్చాను, లేరు

ఒక ఊళ్లో కాపురముండడం, ఆ ఊరు చూడడం అనేవి ఒకే మనిషి చేయకూడని రెండు పనులని మా లేవర్‌గెమ్ పురపాలక సంఘం ఎన్నడో గ్రహించింది. ఉండేవాళ్లు వేరు, చూసేవాళ్లు వేరు. ఉండేవాళ్లు చూడడం మొదలుపెడితే పాలన కుంటుపడుతుంది. (చూసేవాళ్లు ఉండిపోతే ఏమవుతుందన్న దాని మీద ఒక ఉపసంఘం తొమ్మిదేళ్లుగా కాఫీ తాగుతోంది.)

అందుకే మా బెల్జియంలో ఎవరైనా కొత్త ఇంట్లో దిగితే, నిజంగా అక్కడే ఉంటున్నారా అని పేట పోలీసు స్వయంగా వచ్చి చూసుకుంటాడు. లేవర్‌గెమ్‌లో ఈ పద్ధతిని ఇంకాస్త మెరుగుపరిచాం. పోలీసు ఎప్పుడొస్తాడో చెప్పరు. దరఖాస్తు పెట్టుకున్న రోజు నుంచి ఇరవై పనిదినాల్లో, పొద్దున ఏడింటి నుంచి సాయంత్రం ఏడింటి దాకా ఎప్పుడైనా రావచ్చు. వచ్చిన క్షణాన మనిషి కనపడకపోతే తలుపుకి చీటీ అంటించి పోతాడు: "వచ్చాను. లేరు." మూడు చీటీలు పడితే మీరు లేరని చట్టప్రకారం తేలిపోతుంది. ఆ తర్వాత మీరు ఎదురుగా నిలబడి మొత్తుకున్నా లాభం లేదు.

మా మేడ మీద వాటాలో ఫిలిపా సెప్టెంబరు ఒకటో తారీఖున దిగి, ఆ రోజే దరఖాస్తు పెట్టుకుంది. పోర్చుగల్ అమ్మాయి, ముప్ఫై ఏళ్లుంటాయి, కట్టుడు పళ్లు తయారుచేయడం పని. ఇక్కడొక దంత వైద్యశాలలో రెండేళ్ల ఉద్యోగం దొరికింది. అక్టోబరు ఒకటిన చేరాలి. నివాస పత్రం తెస్తేనే చేర్చుకుంటామని ముందే చెప్పేశారట. సామానంతా కలిపి ఒక సూట్‌కేసు, ఒక పాత బిస్కెట్ డబ్బా.

వచ్చిన రోజే ఆ డబ్బా నా మొహం ముందు పెట్టి, "గొడెలీవ్ గారూ, ఈ బురుజు కొస మీద ఏముంటుందండీ?" అని అడిగింది.

మూత మీద మా ఊరి గంటల బురుజు బొమ్మ. తొంభై ఒకటిలో వాళ్ల మేనమామ ఇక్కడి రేవులో పనిచేస్తూ పంపాడట. వాళ్ల అమ్మమ్మ అందులో బొత్తాలు దాచుకునేది. బొమ్మంతా రంగురంగులుగా ఉంది గానీ బురుజు కొస మీద మాత్రం ఏమీ లేదు, వట్టి రేకు. మూత తీసినప్పుడల్లా అమ్మమ్మ బొటనవేలు తగిలి అక్కడ అరిగిపోయిందని ఇంటిల్లిపాదీ అనుకునేవారట. ఆ అరిగిపోయిన చోట ఏముండేదో ఊహించుకుంటూనే ఈ పిల్ల పెరిగి పెద్దదైంది.

"కోడిపుంజు," అన్నాను.

"చూశారా?"

"అరవై ఏడేళ్లుగా ఈ ఊళ్లోనే ఉన్నాను," అన్నాను. (అడిగినదానికి ఇది జవాబు కాదని నాకూ తెలుసు.)

రొట్టెల కొట్టాయన మత్స్యకన్య అన్నాడట. మందుల షాపావిడ ఎవరో పునీతుడి విగ్రహమని ఒట్టేసి చెప్పిందట. కింద నుంచి చూసి తేల్చుకుందామంటే మూడేళ్లుగా బురుజు చుట్టూ పరంజా, దాని మీద ఆకుపచ్చ గుడ్డ. పైకెక్కితేనే తెలియాలి. ఎక్కడానికీ ఎంతో గడువు లేదు. సెప్టెంబరు ఇరవై ఆరు సాయంత్రం నాలుగింటికి ఆఖరి జట్టును పంపి, బురుజును మరమ్మతుల కోసం పన్నెండేళ్లు మూసేస్తున్నారు. ఫిలిపా లెక్క వేసుకుంది. ఇరవయ్యో పనిదినం సరిగ్గా ఆ రోజే. పోలీసు అప్పటికి ఎలాగూ వచ్చిపోయి ఉంటాడని ఆ ఆఖరి జట్టుకే టిక్కెట్ తీసుకుంది. మా పోలీసుల సంగతి తెలిసినదాన్ని, నేనే ముందు చెప్పాల్సింది.

మొదటి చీటీ మూడో రోజున పడింది. రొట్టె కోసం వెళ్లి తొమ్మిది నిమిషాల్లో తిరిగొచ్చింది. తలుపు మీద జిగురు ఇంకా ఆరలేదు.

రెండోది పడిన తీరు మాత్రం మా ఊరికి గర్వకారణం. ఒక్క గంట బయటికి వెళ్లేందుకు అనుమతి ఇవ్వమని ఫిలిపా పురపాలక కార్యాలయానికి వెళ్లింది. అక్కడ గైర్హాజరు విభాగానికి అధికారిణి లుట్‌గార్ద్ గారు.

"అనుమతి నివాసులకే ఇస్తామమ్మా," అందావిడ.

"నివాసిని కావాలంటే ఏం చేయాలండీ?"

"ఇంట్లో ఉండాలి. ఇప్పుడు ఎక్కడున్నావు?"

"మీ ఎదురుగా."

"చూశావా మరి," అంది లుట్‌గార్ద్ గారు ఎంతో బాధగా.

పాపం, మనసు కరిగి ఒక పట్టిక కూడా చేతిలో పెట్టింది. ఇంట్లో లేకపోయినా క్షమించదగ్గ కారణాలు అందులో ఉన్నాయి: ఉద్యోగం, ఆస్పత్రి, అంత్యక్రియలు (సొంతవైతే పత్రం జతపరచాలి). ఊరు చూడ్డం అందులో లేదు. ఆ పట్టిక పట్టుకుని ఇంటికొచ్చేసరికి తలుపు మీద రెండో చీటీ ఉంది.

ఇక ఆ పిల్ల కదిలితే ఒట్టు. పదిహేను రోజులు కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. చూడాలనుకున్నవన్నీ ఒక కాగితం మీద రాసి గోడకి అంటించుకుంది: కాలువలో పడవ, ఆవాల మిల్లు, చేపల సంత, బురుజు. పావుగంటకోసారి బురుజు గంటలు మోగేవి. వినపడ్డప్పుడల్లా డబ్బా మూత వంక చూసేది. నేను రొట్టె, చారు పైకి తీసుకెళ్లేదాన్ని. కిందంతా దేశదేశాల జనం నోళ్లు తెరుచుకుని మా ఊరు చూసుకుంటూ పోతుంటే, మా ఊళ్లో ఉండడానికొచ్చిన ఒక్క పిల్ల మాత్రం కటకటాల వెనక ఉన్నట్టు కూర్చుంది. నాకు జాలేసింది. కాస్త సిగ్గు కూడా వేసింది.

ఇరవై ఆరో తారీఖు మధ్యాహ్నం మూడున్నరకి తలుపు గంట మోగింది. పేట పోలీసు వానెస్. యాభై మూడేళ్లవాడు, మా తమ్ముడితో బళ్లో చదివాడు. ఫిలిపా అప్పటికే బూట్ల తాళ్లు బిగించుకుని కూర్చుంది, అతను సంతకం పెట్టగానే పరిగెత్తడానికి. నేనూ పైనే ఉన్నాను.

వానెస్ నిదానంగా తనిఖీ మొదలుపెట్టాడు. పళ్లబ్రష్ వేలితో తాకి చూశాడు. తడిగా ఉంది, రాసుకున్నాడు. ఫ్రిజ్ తెరిచాడు. మయోనెజ్ సీసా సగం ఖాళీ, తృప్తిగా తలాడించి రాసుకున్నాడు. తర్వాత గోడ మీద కాగితం చూశాడు. బూట్లు చూశాడు. చివరికి బల్ల మీదున్న టిక్కెట్ చూశాడు. కలం ఆగిపోయింది.

"ఏంటమ్మాయ్ ఇది?"

"బురుజు ఎక్కే టిక్కెట్ అండీ. నాలుగింటికి."

"ఈ ఇంట్లో ఊరు చూసేవాళ్లున్నారా?" అన్నాడు, గంజాయి దొరికినట్టు. "నేను ఇక్కడే పుట్టాను. ఇంతవరకూ ఒక్క మెట్టు ఎక్కలేదు. ఏం గొడెలీవ్, నువ్వెక్కావా?"

"ఛీ ఛీ," అన్నాను.

"విన్నావా అమ్మాయ్? ఈ ఫారంలో పదిహేడో గడి ఉంది. సదరు వ్యక్తి ప్రవర్తన నివాసిదా, పర్యాటకుడిదా? ఏం రాయమంటావ్ నన్ను? తప్పు రాస్తే నా ఉద్యోగం పోతుంది. ఎవరిదీ టిక్కెట్?"

ఫిలిపా నోరు తెరిచింది. అక్టోబరు ఒకటి, ఉద్యోగం, రెండు చీటీలు, అమ్మమ్మ బొటనవేలు, అన్నీ ఆ మొహంలో కనపడ్డాయి. అబద్ధం చెప్పే రకం కాదు. నిజం ఎక్కడ బయటపెడుతుందో అని నాకు భయమేసింది.

"నాది," అన్నాను.

వానెస్ నా వంక తిరిగాడు. "నీదా? మోకాళ్ల నొప్పులని మొన్న మా ఇంటి రెండు మెట్లే ఎక్కలేదు కదా నువ్వు?"

"మనసైంది."

"ఈ వయసులోనా!"

"నీకెందుకయ్యా? పిల్ల పని కానీ."

పదిహేడో గడిలో "నివాసి" అని రాసి సంతకం పెట్టాడు. "సీలు ఆరింటికి మనిషితో పంపిస్తా. అప్పటిదాకా గడప దాటకమ్మాయ్, దాటావో మళ్లీ మొదట్నుంచి. గొడెలీవ్, లే లే, నాలుగు కావస్తోంది. జీపులో దింపేస్తాను."

ఫిలిపా తన టిక్కెట్ తీసి తనే నా చేతిలో పెట్టింది. ఆ చూపు నేను మర్చిపోలేను.

మూడు వందల పన్నెండు మెట్లు. వందో మెట్టు దాకా వానెస్‌ని తిట్టాను, రెండు వందల దాకా పురపాలక సంఘాన్ని, ఆ పైన తిట్టడానికి ఊపిరి లేదు. కొసకి చేరేసరికి ఒక ఇనప కమ్మీ నిటారుగా నిలబడి ఉంది. దాని మీద ఏమీ లేదు. కింద రేకు పలక మీద రాసి ఉంది: "శిఖర విగ్రహం మరమ్మతు నిమిత్తం తీసుకెళ్లబడినది. త్వరలో తిరిగి ప్రతిష్ఠించబడును. మార్చి 1979."

అక్కడున్న కాపలాదారుని అడిగాను. "ఏం విగ్రహమయ్యా అది?"

"కోడిపుంజండీ."

"నువ్వు చూశావా?"

"నేను ఈ ఊళ్లోనే పుట్టానండీ," అన్నాడు కాస్త నొచ్చుకుని.

పరంజా గుడ్డ ఒకచోట చిరిగి ఉంటే అందులోంచి తొంగి చూశాను. మా ఊరు. ఎర్ర పెంకుల ఇళ్లు, మెలికలు తిరిగిన కాలువ, మా ఇల్లు. మేడ మీద కిటికీలో చిన్నగా ఫిలిపా. అరవై ఏడేళ్లు ఇంత అందమైన ఊళ్లో ఉండి కూడా తల ఎత్తి చూడలేదే అనిపించింది. చూడాలని వచ్చిన పిల్లని కూర్చోబెట్టి నేను వచ్చి చూస్తున్నాను కదా అని ఏడుపొచ్చింది. కాసేపు ఏడ్చాను కూడా. దిగాలి కదా, కళ్లు తుడుచుకున్నాను.

ఇంటికొచ్చేసరికి ఆరున్నర. ఫిలిపా మేడ మెట్ల మీదే కూర్చుని ఉంది. ఒక చేతిలో సీలు వేసిన పత్రం, ఒళ్లో డబ్బా.

"ఏముందండీ?" అంది.

ఈసారి అబద్ధం చెప్పదలచుకోలేదు. "ఏమీ లేదమ్మా. విగ్రహాన్ని డెబ్భై తొమ్మిదిలోనే తీసేశారు. మీ అమ్మమ్మ వేలికి అరిగిపోయింది కాదు. ఉన్నదున్నట్టే వేశారు బొమ్మ."

ఫిలిపా మూత మీద ఆ చోటుని చాలాసేపు బొటనవేలితో రుద్దింది. తర్వాత పత్రం మీద సీలు చూసుకుంది. ఆ తర్వాత, దారి తప్పి వచ్చిన కొత్త మనిషిని చూసినట్టు ఓపికగా నన్ను చూసింది.

"మీరు సరిగ్గా చూసుండరు, గొడెలీవ్ గారూ. అక్కడున్నది కోడిపుంజు. ఊళ్లో ఎవర్నడిగినా చెప్తారు."

నేను కింద నా వాటా తలుపు దగ్గరికి వచ్చాను. తాళం తీయబోతే చీటీ కనపడింది. వానెస్ దస్తూరీ. నాలుగూ పది అని టైం వేసి ఉంది, అంటే నన్ను బురుజు దగ్గర దింపి తిన్నగా ఇక్కడికే వచ్చాడన్నమాట.

"వచ్చాను. లేరు. (మొదటిసారి.)"