లెక్కల సభకు పెసరట్టు

సంఘం సొమ్మును ఎవరూ తినకుండా కాపాడాలంటే ఈ భూమ్మీద ఒకటే మార్గం ఉంది. ఆ సొమ్మంతా లెక్కలు చెప్పడానికే ఖర్చు పెట్టెయ్యాలి! డబ్బంటూ మిగిలితే కదా ఎవరైనా తినడానికి?

నవ్వకండి. ఈ సత్యాన్ని ఢిల్లీలో ఏ ఆడిటరూ కనిపెట్టలేదు. అమలాపురంలో ఒక ఆడపిల్లల కాలేజీలో, పేరెందుకు లెండి, బీకాం చదివే సూర్యావతి కనిపెట్టింది. అదీ తొంభై ఎనిమిదిలో. కనిపెట్టాలని ఆమెకేమీ లేదు పాపం. ఆమెకు కావలసింది ఒక తలుపు.

తొంభై ఆరు తుపానులో ఆ కాలేజీ బాత్రూమ్ తలుపు ఎగిరిపోయింది. ఏ కాలవలో పడిందో ఎవరికీ తెలియదు. తరవాత కాలేజీకి కొత్త గేటు వచ్చింది, ప్రిన్సిపాల్ గారి గదికి కొత్త కర్టెన్లు వచ్చాయి, తలుపు మాత్రం రాలేదు. అయితేనేం? ఒకరు లోపలికి వెళితే మరొకరు దుప్పటి పట్టుకుని బయట నిలబడేవారు. అక్కచెల్లెళ్ళ అనురాగం అలాంటి చోటే కదా పెరుగుతుంది! తలుపే ఉండి ఉంటే సోదరీ సంఘం పుట్టేదా?

పుట్టింది. నెలకు ఐదు రూపాయల చందా, తలుపు ఆశయం. అధ్యక్షురాలిగా ఎవరుంటారని అడిగితే అందరూ చూపులు నేలకు దించేశారు. ఆ రోజు కొత్తపేట బస్సు చెడిపోయి సూర్యావతి కాలేజీకి రాలేదు. స్వచ్ఛంద సేవకులను ఎన్నుకునే పద్ధతి మీకు తెలియనిదా? రానివాళ్ళే ఏకగ్రీవం! మర్నాడు ఆమె గేటులో అడుగు పెట్టగానే చప్పట్లు కొట్టారు. జీతం లేదు, భత్యం లేదు, చందాల కోసం ఇంటింటికీ తిరిగే రిక్షా ఖర్చు కూడా సొంతమే.

ఆమె ఒప్పుకున్నది గంగాదేవి కోసం. గంగాదేవిది దిండి. తెల్లారగానే బస్సెక్కి వచ్చే ఆ పిల్లకు దుప్పటి చాటుకు వెళ్ళాలంటే ప్రాణం పోయేంత సిగ్గు. అందుకని సాయంత్రం ఇల్లు చేరేదాకా గుక్కెడు మంచినీళ్ళు తాగేది కాదు. ఎండల్లో ఒకసారి క్లాసులోనే కళ్ళు తిరిగి పడిపోయింది.

"దసరా సెలవులయ్యేలోపు తలుపు రాకపోతే చదువు మానిపించేస్తానంటున్నాడే మా నాన్న" అంది ఏడుస్తూ.

"నేను పెట్టిస్తాను కదా" అని సూర్యావతి మాటిచ్చింది.

ఆగస్టుకల్లా డబ్బు పోగైంది. వడ్రంగి వచ్చి కొలతలు కూడా తీసుకున్నాడు. సరిగ్గా అప్పుడు రంగప్రవేశం చేశారు కేశవరావు గారు. ఆయన కూతురు ఆ కాలేజీలోనే చదువుతోంది. రిటైరైన పెద్దమనిషి. తీరిక ఎక్కువ, నిజాయితీ అంతకన్నా ఎక్కువ.

"అనుమానం కాదమ్మా, నువ్వు బంగారానివి. కానీ పదిమంది సొమ్ము కదా! పదిమందిలో లెక్క చెప్పాలా, వద్దా?" అన్నారు.

"ఆయ్, చెప్పాలండి" అంది సూర్యావతి. మరేమంటుంది?

లెక్కల సభ పెడుతున్నానని ఇంట్లో చెప్పగానే వాళ్ళమ్మ అచ్చమ్మ గారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "పెద్దోళ్ళని పిలిచి ఉత్త నోటితో పంపుతావటే? రేపు మీ నాన్నగారు ఊళ్ళో తలెత్తుకు తిరగొద్దా?"

ఇక్కడే ఉంది కిటుకంతా. ఇంకెక్కడైనా అయితే లెక్క చదివి, సంతకాలు పెట్టించుకుని, వెళ్ళి రండి అంటారు. కోనసీమలో అలా కుదురుతుందా? జప్తుకు వచ్చిన కోర్టు అమీనాకైనా కాఫీ ఇవ్వకుండా పంపుతామా మనం! ఉప్మా పెసరట్లు వచ్చాయి, కాఫీ వచ్చింది. అందరూ తృప్తిగా తిని, లెక్కలు భేషుగ్గా ఉన్నాయన్నారు.

చెయ్యి కడుక్కుంటూ కేశవరావు గారు, "మరి ఈ టిఫిను ఏ పద్దులో రాస్తావమ్మా?" అని అడిగారు.

సంఘం పద్దులోనే. మరి దానికి లెక్క చెప్పొద్దూ? దానికి ఇంకో సభ! మొదటిసారి పెసరట్టు పెట్టి రెండోసారి బిస్కెట్లు పెడితే, మిగిలిన డబ్బేం చేశారని అడగరూ? అందుకని ఈసారి పెసరట్టుతో పాటు పూతరేకులు. పారదర్శకత మీద జనానికి ప్రేమ పెరిగిపోయింది! ఎవరి మేనమామో జొన్నాడ నుంచి పనిగట్టుకుని వచ్చి, లెక్కలు శ్రద్ధగా విని, నాలుగు పూతరేకులు పొట్లం కట్టించుకుని వెళ్ళాడు.

సూర్యావతికి ఏడుపొచ్చింది. ఏడిస్తే లెక్కల్లో ఏదో తేడా ఉందనుకుంటారని మానేసింది.

మూడో సభ దసరా సెలవుల చివరి ఆదివారం, కాలేజీ ఆవరణలోనే. షామియానా, మైకు! ప్రజల సొమ్ముకు కాపలా కాసినందుకు కేశవరావు గారికి శాలువా! ఆ శాలువా కూడా సంఘం ఖర్చే. గంగాదేవి మాత్రం రాలేదు. తన దగ్గరున్న పుస్తకాలు సూర్యావతికి ఇచ్చెయ్యమని ఎవరి చేతో పంపించేసింది. ఆ పుస్తకాల కట్ట ఒళ్ళో పెట్టుకునే సూర్యావతి వేదిక మీద కూర్చుంది. పిలవగానే లేచి, వచ్చిందెంతో, సభలకు అయిందెంతో చదివి, "నిల్వ లేదండి" అంది.

చప్పట్లు దద్దరిల్లాయి! ఇంత శుభ్రమైన లెక్క పుట్టి బుద్ధెరిగాక చూడలేదని జనం మెచ్చుకున్నారు.

ఆ తరవాత జరిగిందే అసలు సంగతి. మర్యాదలు ఎక్కువై కేశవరావు గారు మూడు కాఫీలు తాగారు. తాగినవి ఊరుకుంటాయా? స్టాఫ్ రూమ్‌కి తాళం, తాళంచెవి పట్టుకుని ప్యూను రావులపాలెం వెళ్ళాడు. గోడవైపు నడుద్దామంటే గోడ పొడుగునా తల్లులూ పిల్లలూ. ఆయన శాలువా సర్దుకుంటూ సూర్యావతి దగ్గరికొచ్చి చెవిలో అడిగారు. ఆమె దారి చూపించింది.

వెళ్ళినవారు వెళ్ళినట్టే వెనక్కి వచ్చారు. "అమ్మాయ్, తలుపేదమ్మా?"

"మీరు తినేసేరండీ" అంది సూర్యావతి.

"ఏవిటీ?"

"మొదటి సభలో చెక్క తినేసేరండీ. రెండో సభలో బందులూ, గడియా. ఈ పూట వడ్రంగి కూలి అండీ. ఆయ్." అంత కోపంలోనూ మర్యాద తప్పలేదు పిల్ల. "ఫర్వాలేదు, మీరు వెళ్ళండి. నేను దుప్పటి పట్టుకుంటాను. మాకు అలవాటేనండి."

కేశవరావు గారు ఆ దుప్పటి వంక చూశారు, ఆ పిల్ల వంక చూశారు. వేరే దారి లేదు. వెళ్ళారు. బయటికి వచ్చాక సరాసరి ప్రిన్సిపాల్ గారింటికి నడిచారు.

మూడు రోజుల్లో తలుపు వచ్చింది! దాని మీద తెల్లరంగుతో 'శ్రీ కేశవరావు గారి కృషి ఫలితం' అని రాయించారు కూడా. సూర్యావతి పుస్తకాల కట్ట పట్టుకుని దిండి వెళ్ళి, గంగాదేవి వాళ్ళ నాన్నను బతిమాలి ఆ పిల్లను వెంటబెట్టుకొచ్చింది. పదింటికి, మొదటి క్లాసు కాగానే, గంగాదేవి కుండ దగ్గర నిలబడి నిండు గ్లాసు నీళ్ళు తాగింది. సూర్యావతికి ఆ సంవత్సరం అంతకన్నా సంతోషం ఇంకోటి లేదు.

కాబట్టి పాఠకులారా, లెక్కల సభలు వర్ధిల్లాలి!

అన్నట్టు, ఆ తలుపుకు డబ్బెక్కడిదంటారా? ఏటా అడ్మిషన్ రోజునే ప్రతి ఆడపిల్ల దగ్గరా కాలేజీవారు కట్టించుకునే సౌకర్యాల ఫీజు లోంచి. తుపానుకు ముందూ కట్టించుకున్నారు, తరవాతా కట్టించుకున్నారు. పిల్లల ఐదు రూపాయలకు మూడు సభలు జరిగాయి గానీ, ఆ ఫీజు లెక్క ఏ షామియానా కిందా ఎవరూ చదవలేదు. కేశవరావు గారూ అడగలేదు.

ఎవరైనా ఆ సభ పెట్టిస్తే ఒక కార్డు ముక్క రాయండి. పెసరట్ల ఖర్చు నాది.