పెదవులతో పాడినాయన

కళ్ళజోళ్ళ షాపాయనకు సంగీతమంటే ప్రాణం కాదు, ఆదివారమంటే ప్రాణం. ఆ ఆదివారాన్ని కాస్తా ఇంటావిడ అటక సర్దడానికీ, ఫ్యాన్లు తుడవడానికీ కేటాయించేసింది.

అందుకే వీధి చివర లైబ్రరీలో గానబృందం పెట్టారనీ, ఎవరైనా చేరొచ్చనీ తెలియగానే పరిగెత్తాడు.

"నాకు పాట రాదు టీచరుగారూ," అన్నాడు ముందుజాగ్రత్తగా.

"ఇక్కడికి ముందు మనిషి రావాలి. పాట తర్వాత అదే వస్తుంది," అంది బృందాన్ని నడిపే లెక్కల టీచరమ్మ.

పాట రాలేదు. ఆయన మాత్రం ఒక్క ఆదివారం మానకుండా వచ్చాడు. వెనక వరుసలో బస్సు డ్రైవరుకీ బేకరీ ఆయనకీ మధ్య నిలబడి పెదవులాడించేవాడు. డ్రైవరు గొంతు హారన్‌కి అన్నలాంటిది. ఆ చాటున ఏనుగు ఘీంకరించినా వినపడదు. ఒక వారం పార్కులో కచేరీ, ఒక వారం ఆసుపత్రి వరండాలో, ఇంకో వారం రైల్వే ప్లాట్‌ఫారం మీద. పడవపాటైనా జోలపాటైనా ఆయన పెదవులకు ఒకటే.

"ఈవేళ ఎలా జరిగిందండీ?" అనేది ఇంటావిడ, చేతిలో చీపురుతో.

"గొంతు బొంగురుపోయిందే!"

"అయ్యో పాపం. వేణ్ణీళ్ళు పెట్టనా?"

ఆ జాలి చూసి ఆయనకు అనుమానం రావలసింది. ముచ్చటేసింది.

పెద్ద కచేరీ టౌన్‌హాల్లో. ముందు వరుసలో ఇంటావిడ, పక్కన ఆమె అక్క, ఆ పక్కన అక్క మొగుడు. ఈ తోడల్లుడు ఎవరు కాలుజారి పడినా పదేళ్ళపాటు చెప్పుకు నవ్వే రకం.

నది పాట మొదలైంది. ఆడవాళ్ళు ఆపగానే వెనక వరుస మగవాళ్ళే అందుకోవాలి. టీచరమ్మ చెయ్యి లేచింది. ఆయన నోరు తెరిచాడు.

నిశ్శబ్దం.

ఓరకంట చూశాడు. డ్రైవరు నోరు డిపోలో పెట్టిన బస్సులా కదలడం లేదు. బేకరీ ఆయన పైకప్పు కేసి చూస్తున్నాడు. హాలు మొత్తానికి కదులుతున్న నోరు ఒక్కటే. అదీ తనదే.

"పాడవేమయ్యా?" అన్నాడు పళ్ళబిగువున.

"మీరే కానివ్వండి," గొణిగాడు డ్రైవరు.

టీచరమ్మ చెయ్యి గాల్లోనే ఉంది, దిగనంటోంది. చెమటకి కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. తోడల్లుడు కుర్చీలో ముందుకు వంగాడు.

ఇక లాభం లేదని కళ్ళు మూసుకుని గొంతు వదిలాడు. తుప్పుపట్టిన గేటు తెరిచినట్టొక శబ్దం వచ్చింది. నది కాస్తా మురుగుకాలవైపోయింది. అయినా ఆపలేదు. ఆపితే మళ్ళీ ఆ నిశ్శబ్దం వస్తుందని భయం. అప్పుడు జాలిపడి డ్రైవరు గొంతు కలిపాడు, వెనకాలే అందరూ కలిపారు. చప్పట్లు మోగాయి. తోడల్లుడు నవ్వాపుకోలేక కుర్చీలోంచి జారిపోయాడు.

బయట మెట్ల దగ్గర ఇంటావిడని నిలదీశాడు. "వాళ్ళని నోరుమూసుకోమన్నది నువ్వేనా?"

"నేనే. టీచరమ్మగారు కూడా సరేనన్నారు. మొన్న పార్కులో మీ వెనకే నిలబడ్డాను. ఒక్క ముక్క వినపడితే ఒట్టు."

"వెనకనుంచి నా నోరు కనపడదుగా! పెదవులాడిస్తున్నానని ఎలా పట్టావే?"

"అందులో పట్టేదేముందండీ? పెళ్ళయిన దగ్గర్నుంచీ నా మాటలు మీరు వినేదీ అలాగేగా. తల ఊగుతుంది, పెదవులు కదులుతాయి, మనిషి మాత్రం అక్కడ ఉండడు."

ఆయన అలవాటు కొద్దీ "ఊఁ" అనబోయి, చటుక్కున నోరు మూసుకున్నాడు.