పైడమ్మ పెట్టిన గుడ్లు

చిలకలదిబ్బ కాలనీలో ఇళ్ళు పాములకిస్తారు, మనుషులు వాటి వెంట ఉంటారు. పుట్టిన ప్రతి బిడ్డకీ పురుటి స్నానం నాడే ఒక పాముపిల్లను బుట్టలో పెట్టి ఇస్తారు. అది పెద్దదయ్యాక దాని పేరు మీద ఒక గది, వంటిల్లు, చిన్న అరుగు వస్తాయి. పెంచినవాళ్ళు అందులో తలదాచుకోవచ్చు. వానకి కారని ఇళ్ళు, వంక పెట్టడానికి లేదు.

ఆడ పాము, మగ పాము పక్కపక్క ఇళ్ళలో ఉండకూడదన్నదొక్కటే అక్కడి కట్టుబాటు. గోడ అవతల ఆడదాని వాసన తగిలితే మగది తిండి మానేసి బుట్టకేసి తల బాదుకుంటుంది. అందుకని రోడ్డుకి దక్షిణాన జెర్రిపోతుల వరస, ఉత్తరాన నాగుపాముల వరస. జెర్రిపోతులన్నీ మగవనీ, నాగుపాములన్నీ ఆడవనీ అక్కడ తాతల నాటి నుంచీ తెలిసిన సంగతే. ఇళ్ళు కేటాయించే ఆఫీసువాళ్ళూ అదే ఖాయం చేశారు. తోక ఎత్తి చూసిన పాపాన ఎవరూ పోలేదు.

పెళ్ళిళ్ళ దగ్గర పెద్దల పట్టింపు వేరు. జెర్రిపోతున్నవాళ్ళకి నాగుపామున్న సంబంధమే చూస్తారు, జత కుదరాలి కదా. కుదిరిన జత పక్కపక్కన ఉండకూడదు కదా. అందుచేత కాలనీలో ఏ మొగుడూ పెళ్ళామూ ఒక ఇంట్లో లేరు. మరి పిల్లలెలా పుట్టారని ఆఫీసు అడగలేదు, ఎవరూ పనిగట్టుకుని చెప్పలేదు.

పైడమ్మది జెర్రిపోతు, ఆమె పెనిమిటి గవర్రాజుది నాగుపాము. కాపురానికొచ్చిన నాటి నుంచీ ఆమె దక్షిణాన వండి, గిన్నె కొంగున కప్పి, రోడ్డు దాటి అతనికి పెట్టేది. ఇటుకల లారీలు కూడా ఆమె చెయ్యెత్తితే ఆగేవి, అంతటి మనిషి. అయితే ఆ వానాకాలం గవర్రాజు గోనెల మిల్లులో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. మంచం దిగలేడు. దాహమని పిలిస్తే ఆ పిలుపు రోడ్డు దాటి రాదు. పిలిస్తే వినపడే దూరంలో ఉండాలి, ఇద్దరికీ ఒకటే పొయ్యి వెలగాలి. పైడమ్మకి ఇంకో కోరిక లేదు.

ఆ రోజుల్లోనే పొరుగింటి ఆదెమ్మ జెర్రిపోతు తిండి మానేసి తల బాదుకోసాగింది. దిష్టి తగిలిందని మిరపకాయలు తీశారు. గోడ కింద కన్నం సంగతి ఎవరూ పట్టించుకోలేదు. కొన్నాళ్ళకి పైడమ్మ జెర్రిపోతు తవుడు కుండలో గుడ్లు పెట్టింది.

పైడమ్మ కుండలోకి చూసి నవ్వుకుంది. తనదీ గవర్రాజుదీ రెండూ ఆడవే అయితే పక్కపక్కన ఉండడానికి అడ్డేముంది? కుండ నెత్తిన పెట్టుకుని తిన్నగా ఆఫీసుకి నడిచింది. ఇనస్పెక్టరు తాతారావు నెమ్మదస్తుడు, ఎవర్నీ కసిరినవాడు కాదు. ఒక గుడ్డు తీసి వెలుతురుకి పెట్టి చూశాడు.

"ఎవరు పెట్టారమ్మా ఇవి?"

"నా జెర్రిపోతే బాబూ. ఇది ఆడది. నా పెనిమిటి పక్కింట్లోకి మమ్మల్ని మార్సండి."

"జెర్రిపోతు మగదమ్మా."

"మగదైతే గుడ్లెట్టుద్దేటి?"

"పెట్టదు," అన్నాడు తాతారావు. "అందుకే అడుగుతున్నాను, ఎవరు పెట్టారని."

ఆమెకి కుర్చీ వేయించి ఓపిగ్గా విడమరిచి చెప్పాడు. ఒక్క జెర్రిపోతు ఆడదైతే వరసంతా తోకలెత్తి చూడాలి, ఇళ్ళన్నీ మార్చాలి, కాలనీలో అయిన పెళ్ళిళ్ళన్నీ జత తప్పినట్టే. అంత ఘోరానికి ఆఫీసు ఒప్పుకోదు. పైడమ్మ ఇంట్లో ఉన్నవి రెండు ప్రాణాలు. అందులో ఒకటి మగది.

పైడమ్మ కొంగు సర్దుకుంది. గవర్రాజు ఎండిన గొంతు తలపుకొచ్చింది.

"నానే ఎట్టాను బాబూ," అంది.

"కష్టమైందా తల్లీ?" అన్నాడు తాతారావు, రాసుకుంటూనే.

"ఆడపుట్టుక కదా. ఓర్సుకున్నాను."

గుడ్లు పెట్టేది ఆడ పాము. ఆడ పాములుండేది ఉత్తరం వరస. గవర్రాజు పక్కిల్లు ఖాళీగా ఉంటే అది పైడమ్మ పేరునే ఇచ్చారు. రెండిళ్ళ పాములూ ఆడవే కనక మధ్యగోడకి గుమ్మం కొట్టుకోవడానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. పొయ్యి ఒకటే అయింది. జెర్రిపోతు మాత్రం మగది కాబట్టి దక్షిణాన తన ఇంట్లోనే ఉండిపోయింది. ఇప్పుడు పైడమ్మ దానికి ఎలకల్ని పట్టుకుని రోడ్డు దాటుతుంది. లారీలు ఆగుతాయి.

గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చిన రోజు ఆదెమ్మ చూడ్డానికొచ్చి, కళ్ళు మాత్రం గవర్రాజు బావవే అంది. మంచం మీద గవర్రాజు సిగ్గుపడ్డాడు. నాగుల చవితికి ఆడవాళ్ళంతా చలిమిడి, చిమ్మిలి, పాలు తెచ్చి పైడమ్మ గుమ్మంలో పెట్టారు. పాములు పాలు తాగవు. పైడమ్మ తాగింది, దాంతో ఆమె గౌరవం ఇంకాస్త పెరిగింది. అప్పుడప్పుడూ తాతారావు వచ్చి కుబుసం విడిచిందా అని అడుగుతాడు. దండెం మీది పాత చీర చూపిస్తుంది. తృప్తిగా తలూపి వెళ్తాడు.

చిలకలదిబ్బలో సొంత పేరున ఇల్లున్న ఆడమనిషి పైడమ్మ ఒక్కతే. తక్కిన ఆడవాళ్ళు ఆ అరుగు మీద చెక్కిన పేరుని చెంగుతో తుడిచి చూసుకుంటారు. ఇంటికెళ్ళి తవుడు కుండలు కడిగి ఎండలో పెట్టుకుంటారు.

గవర్రాజుకే మనసు పీకుతుండేది. ఒకనాడు గంజి తాగుతూ అడిగేశాడు.

"ఓలే పైడీ, నిన్ను పామని రాసేసుకున్నారు గదే. నీకేటీ అనిపించదా?"

"అంతకుముందు మడిసినని రాసుకున్నారేటి, మావా?" అంది పైడమ్మ. "తాగు, సల్లారిపోద్ది."