దగ్గని మీటరు

దుమ్ము పిల్లలకు మంచిది! అవునండీ, సరిగ్గానే చదివారు.

నార్సింగిలో మా టవర్లకూ, పక్కన లేస్తున్న కొత్త టవర్లకూ మధ్య ఒక్క గోడే అడ్డం. కాంక్రీటు కలిపే ప్లాంటు ఆ గోడకు ఆనుకునే ఉంది. మా పిల్లలు కళ్లు తెరిచింది మొదలు సిమెంటే పీలుస్తున్నారు. మనిషి గట్టిపడడానికి ఇంతకన్నా ఏం కావాలి? మా దగ్గర రెండేళ్ల పిల్లలు ‘నెబులైజర్’ అనే మాటను తడబడకుండా పలుకుతారు. మీ పిల్లలు పలుకుతారా?

మాకున్న బెడదల్లా మీటరే. గాలి ఎంత చెడిందో చూపే ఆ మీటరు మెయిన్ గేటు దగ్గర, స్కూల్ బస్సు ఆగేచోట ఉండేది. ఒకరోజు మూడొందల పది చూపించింది. ఫ్లాటు చూడ్డానికొచ్చిన ఐటీ దంపతులు కారు దిగకుండానే వెనక్కి తిరిగారు!

అసోసియేషన్ ప్రెసిడెంట్ లింగమూర్తి గారు అత్యవసర సమావేశం పెట్టారు. ప్లాంటును కదిలించాలా? అంత తెలివితక్కువవాళ్లమా? మీటరును కదిలించాం. సెక్రటరీగా తీర్మానం రాసింది నేనే. ఇప్పుడది క్లబ్‌హౌస్‌లో, ఎయిర్ ప్యూరిఫయర్ పక్కన, నలభై రెండు చూపిస్తోంది. రోజూ పొద్దున్నే ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతాను. దండాలే దండాలు!

తొమ్మిదో అంతస్తు ప్రిస్కిల్లాకు మాత్రం నచ్చలేదు. ఆమె నర్సు. రెండేళ్ల కొడుకు రాబిన్‌కు ఊపిరి తీసుకుంటే పిల్లికూతలు. పసితనంలో ఇలాంటి గాలి పీలిస్తే ఉబ్బసం ముప్పు పెరుగుతుందని మాకే పాఠం చెప్పింది. ప్లాంటుకు కప్పు వేయించమంది, అందాకా మీటరును మళ్లీ గేటు దగ్గరే పెట్టమంది.

లింగమూర్తి గారు ఓపిగ్గానే చెప్పారు. “ఏందమ్మా, గిట్ల పరేషాన్ అయితవు? మీటర్ల నలభై రెండే ఉంది. జర నువ్వే పోయి చూడు.”

ఆమె వెళ్లి చూసింది. నిన్న ఆదివారం, చర్చి నుంచి రాగానే బాబునూ, నెబులైజర్‌నూ, దుప్పటినీ పట్టుకొచ్చి మీటరు కింది సోఫాలో కూర్చుంది.

“గాలి బాగుందని మీరే ఫొటోలు పెడుతున్నారు కదండీ. ఇకనుంచి మావాడు ఇక్కడే పడుకుంటాడు.”

గంటలో వాడి ఆయాసం తగ్గింది, హాయిగా నిద్రపోయాడు. వచ్చిన చిక్కల్లా అదే! సాయంత్రానికి ఇంకో నలుగురు తల్లులు పిల్లల్నీ దిండ్లనీ చంకనేసుకుని లిఫ్టు దిగారు. తలుపు తెరిచిన ప్రతిసారీ రీడింగు పెరగడం మొదలైంది.

ఊరుకుంటామా? మళ్లీ అత్యవసర సమావేశం. తీర్మానం మళ్లీ నేనే రాశాను: ఐదేళ్లలోపు పిల్లలకు క్లబ్‌హౌస్‌లో ప్రవేశం లేదు.

ఈ ఉదయం రాబిన్ గేటు దగ్గర తల్లి భుజం మీద దగ్గుతూ కనిపించాడు. మా మీటరు మాత్రం ఇంతవరకూ ఒక్కసారి కూడా దగ్గలేదు.